అమ్మ వేళ్లు వంకర్లు పోయాయి, నాకూ వస్తుందా?

కిందటి నెల ఈ శీర్షికలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ (మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీదకి తిరగబడి వాటిని వాపెక్కించి పాడుచేసే జబ్బు) గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో మందుల గురించి అడిగినవాళ్లు తక్కువ, "ఇది మా వంశంలో ఉంది, మాకూ వస్తుందా" అని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్లు ఉంచాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మకి పద్నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఉంది. చేతివేళ్లు ఒక పక్కకి వాలిపోయాయి, జడ కూడా నేనే వేస్తాను. అమ్మమ్మ కూడా చివర్లో నడవలేకపోయేది. నాకు 28 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు. మొన్న వచ్చినవాళ్లు అమ్మ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకోవడం చూశారు, మళ్లీ ఫోన్ చేయలేదు. నాకు వస్తుందో రాదో ముందే చెప్పే జీన్ టెస్ట్ ఉందట, చేయించుకోమంటారా? (తణుకు)

జవాబు: ముందు లెక్క చెప్తానమ్మా. మన దేశంలో పెద్దవాళ్లలో ఈ జబ్బు ఉన్నవాళ్లు నూటికి ఒకరి కంటే తక్కువే. ఢిల్లీకి దగ్గర్లో బల్లభ్‌గఢ్ పల్లెల్లో జనాన్ని పరీక్షించి 1993లో ప్రచురించిన లెక్క 0.75 శాతం. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో ఉంటే ఆ అవకాశం సుమారు మూడు రెట్లవుతుంది. మూడు రెట్లు అనగానే గుండె గుభేల్‌మంటుంది గానీ, ముప్పావు శాతానికి మూడు రెట్లంటే రెండుంపావు శాతం. ఇది మగవాళ్ల కంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది, వయసుతో పాటు అవకాశమూ పెరుగుతుంది, కాబట్టి మీ విషయంలో ఇంకాస్త కలిపి వేసుకోండి. అయినా సరే, రుమటాయిడ్ ఉన్న తల్లుల కూతుళ్లందరినీ ఒకచోట కూర్చోబెడితే అందులో చాలా ఎక్కువమంది ఈ జబ్బు మొహం చూడకుండానే ముసలివాళ్లవుతారు.

ఇక అమ్మమ్మ సంగతి. నడవలేకపోయేది అన్నారు, సరే, ఏ కీళ్లు? మన అమ్మమ్మల మోకాళ్ల నొప్పుల్లో ఎక్కువ భాగం అరుగుదల, అది వేరే జబ్బు. అమ్మని ఇలా అడగండి: అమ్మమ్మకి గోరు పక్కనుండే ఆఖరి కణుపు గట్టిగా బొడిపె కట్టిందా, లేక పిడికిలి బిగిస్తే పైకి లేస్తాయే, ఆ వేళ్ల మొదళ్ల దగ్గర మెత్తగా వాచేదా? మొదటిది అరుగుదల తీరు, రెండోది రుమటాయిడ్ తీరు. పొద్దున్నే లేచాక చేతులు స్వాధీనంలోకి రావడానికి ఎంతసేపు పట్టేదో కూడా అడగండి. అరుగుదలలో పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. రుమటాయిడ్‌లో గంట దాటినా దోసె తిరగేయడానికి అట్లకాడ చేతిలో నిలవదు. సగం ఇళ్లలో "మా వంశంలో వాతం ఉంది" అన్నది ఈ రెండు ప్రశ్నలతోనే తేలిపోతుంది.

టెస్ట్ గురించి చెప్పాలంటే జన్యువుల కథ కొంచెం చెప్పాలి. మన శరీరంలో కొన్ని కణాలు దొరికిన ప్రొటీన్ ముక్కల్ని చిన్న దొప్పలో పెట్టి బయటికి చూపిస్తుంటాయి, గుళ్లో ప్రసాదం దొప్పలో పెట్టి ఇచ్చినట్టే అనుకోండి. కాపలా కాసే తెల్లకణాలు ఆ దొప్పలోకి తొంగి చూసి, ఇది మనదా పరాయిదా అని తేల్చుకుంటాయి. ఆ దొప్పల పేరే హెచ్‌ఎల్‌ఏ, వాటిని కుట్టే జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. మనిషికీ మనిషికీ దొప్ప ఆకారం మారుతుంది. డాలస్‌లో పీటర్ స్టాస్ట్నీ అనే పరిశోధకుడు, రుమటాయిడ్ ఉన్నవాళ్లలో డీఆర్4 అనే రకం దొప్ప మామూలు కంటే బాగా ఎక్కువగా కనిపిస్తోందని 1978లో చూపించాడు. అయితే డీఆర్4 లేనివాళ్లకీ జబ్బు వస్తోంది కదా, అదెలా అన్న చిక్కు మిగిలింది. 1987లో గ్రెగర్సన్, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని విప్పారు. పేర్లు వేరైనా ఈ దొప్పలన్నిట్లో ఒకే చోట, 70 నుంచి 74 దాకా ఉన్న ఐదు అమైనో ఆమ్లాల వరస, దాదాపు ఒకేలా ఉంది. ఇప్పటికీ రుమటాయిడ్‌కి సంబంధించి మనకి తెలిసిన జన్యువుల్లో అన్నిటికంటే బరువైనది ఇదే.

అయితే ఆ వరస ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు రాదు, లేనివాళ్లలో కొందరికి వస్తుంది. దీనికి తోడు మిగతా క్రోమోజోముల మీద చిన్నా చితకా తేడాలు బోలెడు. లక్షమందికి పైగా డీఎన్‌ఏ చూసిన 2014 నాటి అధ్యయనం అలాంటి చోట్లు 101 అని తేల్చింది, 2022లో ఇంకా పెద్ద అధ్యయనం ఆ సంఖ్యని 124కి తీసుకెళ్లింది. ఒక్కొక్కటీ అవకాశాన్ని గోరంత పెంచేదో తగ్గించేదో తప్ప, ఏ ఒక్కటీ జబ్బుని తెచ్చిపెట్టేది కాదు. ఇన్ని గోరంతలు కలిపి ఒక మనిషికి వస్తుంది, రాదు అని చెప్పే టెస్ట్ ఇవాళ్టికి లేదు. ఉందని ఎవరైనా చెప్పి వేలు అడిగితే ఆ వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

పెళ్లివారి సంగతి నేను చెప్పాల్సింది కాదు గానీ, ఉండబట్టలేక చెప్తున్నాను. ఫోన్ చేయని ఆ ఇంట్లో షుగర్ ఎంతమందికి ఉందో మీరు అడిగారా? అదీ వంశంలో నడిచేదే, దానికి ఎవరూ సంబంధాలు మానుకోరు.

మీరు చేయాల్సింది ఒకటే. వేళ్ల మొదళ్లలో గానీ మణికట్టులో గానీ వాపు వచ్చి, పొద్దుటి బిగుతు గంటసేపు ఉంటూ, అది ఆరు వారాలు దాటుతుంటే నొప్పి మాత్రలతో నెట్టుకురావొద్దు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు నాలుగు వేళ్ల మొదళ్లని అడ్డంగా కలిపి నొక్కితే ప్రాణం పోయినట్టుంటే అసలే ఆగొద్దు. ఎముకల డాక్టరు దగ్గర కాలం గడపకుండా నేరుగా రుమటాలజిస్ట్‌కి, అంటే ఇలాంటి కీళ్లవాతాలు చూసే డాక్టరుకి, చూపించుకోండి. అమ్మ రోజుల్లో రోగం ముదిరాక మందు మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు మొదటి మూడు నాలుగు నెలల్లో మొదలుపెడితే వేళ్లు వంగే దాకా రాకుండా చాలామందిలో ఆపగలుగుతున్నాం.

ప్రశ్న: మేడమ్, నేను గ్రానైట్ పాలిషింగ్ కాడ పని చేస్తా. నాన్నకీ చిన్నాన్నకీ ఇద్దరికీ ఈ వాతమే. రోజుకి ఒక కట్ట బీడీలు తాగుతా. రక్తంలోనే ఉన్నప్పుడు బీడీ మానితే ఏమొస్తది? (కరీంనగర్)

జవాబు: బీడీ మానాల్సిన మనిషి ఈ పత్రిక పాఠకుల్లో ఎవరైనా ఉన్నారంటే అది మీరే. రక్తంలో ఉంది కాబట్టి ఇంక ఏం చేసినా ఒకటే అని మీరనుకుంటున్నారు. నిజం దానికి సరిగ్గా తలకిందులు.

స్వీడన్‌లో 2006లో వచ్చిన లెక్క వినండి. పైన తణుకు అమ్మాయికి చెప్పిన ఆ ఐదు ముక్కల వరస తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వచ్చి, పైగా పొగ తాగే అలవాటున్నవాళ్లని, ఆ వరస లేని, పొగ కూడా తాగని వాళ్లతో పోల్చారు. యాంటీ సీసీపీ (సొంత శరీరం మీదకే తిరిగే ఒక యాంటీబాడీ) రక్తంలో పాజిటివ్‌గా ఉండే రుమటాయిడ్, అంటే కీళ్లని ఎక్కువగా పాడుచేసే రకం, వచ్చే అవకాశం 21 రెట్లు పెరిగింది. ఎండుగడ్డి ఇంటి నిండా పరిచి ఉంటే అగ్గిపుల్ల గీయకుండా ఉండాల్సింది ఆ ఇంటివాడే కదా.

ఇది ఎలా జరుగుతుందో కూడా కొంత తెలిసింది. పొగ ఊపిరితిత్తుల్ని రేపుతూ ఉంటే అక్కడ ఒక ఎంజైమ్ ప్రొటీన్లలోని అర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని సిట్రులిన్‌గా మార్చేస్తుంది. అలా మారిన ముక్కలు ఆ ప్రత్యేకమైన దొప్పలో బాగా అమరుతాయి. తెల్లకణాలు తొంగిచూసి, ఇదేదో పరాయిదని యుద్ధం మొదలుపెడతాయి. అంటే చేతివేళ్ల జబ్బు కొందరిలో ముందు ఊపిరితిత్తుల్లో రాజుకుంటుందని అనుమానం అన్నమాట. చిగుళ్ల జబ్బు మీద కూడా ఇలాంటి అనుమానమే ఉంది, కాబట్టి పళ్లు కదులుతుంటే అదీ చూపించుకోండి. (సిట్రులిన్ అనే పేరు పుచ్చకాయ లాటిన్ పేరు నుంచి వచ్చింది, దాన్ని మొదట తీసింది పుచ్చకాయలోంచే. అది చదివి ఎవరూ పుచ్చకాయ మానకండి, తినే పండుకీ దీనికీ ఏ సంబంధం లేదు. ముందే చెప్పకపోతే వచ్చే నెల దీని మీద ఇరవై ఉత్తరాలు వస్తాయని నాకు తెలుసు.)

రెండోది మీ పని. రాతి దుమ్ము, అంటే సిలికా పీల్చేవాళ్లలోనూ రుమటాయిడ్ ఎక్కువని స్వీడన్‌లోనే చూశారు. అంతకు చాలా ముందే, 1953లో, వేల్స్ బొగ్గుగని కార్మికుల్లో రుమటాయిడ్ ఉన్నవాళ్ల ఎక్స్‌రేల్లో ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలుంటున్నాయని కాప్లాన్ అనే డాక్టరు రాశాడు. పని మానమని చెప్పడం నాకు తేలిక, మీకు కాదు. నీళ్లు పెట్టకుండా పొడిగా కోసేచోట నిలబడొద్దు. ముఖానికి టవల్ చుట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు, సరైన మాస్క్ అడిగి తీసుకోండి. బీడీ మాత్రం ఈ ఆదివారం అని ముహూర్తం పెట్టకుండా ఇవాళే పారేయండి, దాని ప్రభావం దిగిపోవడానికి ఏళ్లు పడుతుంది, ఎంత ముందు మానితే అంత మేలు.

ప్రశ్న: మాది మేనరికం. మా ఆయన సొంత మేనమామ కొడుకు. మా అత్తకి, అంటే మా మేనమామ భార్యకి, రుమటాయిడ్ ఉంది. మేనరికం వల్ల మా పాపకి రెట్టింపు ప్రమాదం ఉంటుందని పక్కింటావిడ టెన్షన్ పెడుతోంది. (అనంతపురం)

జవాబు: పక్కింటావిడ చెప్పింది వేరే రకం జబ్బులకి నిజం. మేనరికంలో భయం ఎక్కడంటే, ఒకే ఒక్క జన్యువులో లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా కలిసి వచ్చినప్పుడు బయటపడే జబ్బుల్లో. మన దగ్గరే దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. తెలుగు వైశ్య కుటుంబాల్లో కొందరికి బ్యూటిరిల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లేకుండా ఉంటుంది. ఆపరేషన్ ముందు కండరాలు వదులుకావడానికి ఇచ్చే ఒక మందు వాళ్లలో నిమిషాల్లో దిగాల్సింది గంటలు పట్టేస్తుంది. తరతరాలు లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆ లోపం నిలిచిపోయింది, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనాల్లోనూ దీని ప్రస్తావన ఉంది. ఆ కుటుంబాలవాళ్లు మత్తు డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

రుమటాయిడ్ ఆ జాతి జబ్బు కాదు, పైన చెప్పినట్టు వందకి పైగా చిన్న తేడాల కూర్పు. మీ పాపకి అది నాయనమ్మ జబ్బు. నాయనమ్మకి ఉంటే వచ్చే ప్రమాదం అమ్మకి ఉంటే వచ్చేదానికంటే తక్కువ. పైగా మీ అత్తగారు మీ ఇంటిపేరులోకి పెళ్లి చేసుకుని వచ్చిన మనిషి, ఆవిడ జన్యువులు మీ ఆయన వైపు నుంచే పాపకి వస్తాయి, మీ వైపు నుంచి రావు (ఆవిడ మీకు ఇంకో వైపు చుట్టరికం కాకపోతే). కాబట్టి ఆవిడ నుంచి పాపకి రెండు వైపులా అందే దారే లేదు. ఇంకో బిడ్డని కనాలనుకుంటే మేనరికం గురించి జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోండి, కానీ రుమటాయిడ్ కోసం కాదు.

ప్రశ్న: మా కజిన్ పంపిన డీఎన్‌ఏ కిట్‌లో ఉమ్మి వేసి పంపాను. పీటీపీఎన్22 రిస్క్ వేరియంట్ లేదని వచ్చింది. మా నాన్నగారికి రుమటాయిడ్ ఉంది, కానీ నేను సేఫ్ అనుకోవచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: ఆ కాగితాన్ని మరీ గట్టిగా పట్టుకోకండి. పీటీపీఎన్22లో ఆ మార్పుకీ రుమటాయిడ్‌కీ ఉన్న ముడి 2004లో బయటపడింది. తెల్లవాళ్లలో హెచ్‌ఎల్‌ఏ తర్వాత లెక్కలోకి వచ్చే జన్యువు అదే. కానీ ఆ మార్పు జపాన్, చైనా వాళ్లలో దాదాపు లేదు, మనవాళ్లలో చాలా అరుదు. మన రుమటాయిడ్ పేషెంట్లలోనే అది ఎక్కువమందికి ఉండదు. అంటే మీకు లేదని చెప్పడం, మా ఇంటి పెరట్లో ఆపిల్ చెట్టు లేదు కాబట్టి మాకు కోతుల బెడద లేదన్నట్టుంటుంది. మన పెరట్లో మామిడి చూసుకోవాలి కదా.

ఇది ఆ ఒక్క కిట్ తప్పు కాదు, ఇన్నాళ్లూ పరిశోధన ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్ల మీదే జరిగింది. జపాన్ వాళ్లు 2003లోనే పీఏడీఐ4 అనే జన్యువుని తమ పేషెంట్లలో పట్టుకున్నారు, పైన చెప్పిన సిట్రులిన్ మార్పు చేసే ఎంజైమ్‌ది అది. 2013లో ఉత్తర భారతీయుల మీద చేసిన అధ్యయనంలో ఏఆర్ఎల్15 అనే ఇంకో జన్యువు బయటపడింది. మనవాళ్లని వెతికితే మన సంగతులు దొరుకుతాయి, ఇంకా చాలా వెతకాలి. మీరు పొగ తాగుతుంటే మానండి, వేళ్లు వాస్తే చూపించుకోండి. రిపోర్ట్ సొరుగులో పెట్టేయండి.

ప్రశ్న: వేళ్ల కణుపులు నాలుగు నెలలుగా వాస్తున్నాయి. ల్యాబ్‌లో హెచ్‌ఎల్‌ఏ బీ27 నెగెటివ్ వచ్చింది. జీన్ లేదు కాబట్టి రుమటాయిడ్ కాదు కదా? (విజయనగరం)

జవాబు: బీ27 వెన్నెముక బిగుసుకుపోయే ఇంకో జబ్బు కోసం చూసేది. పేరులో హెచ్‌ఎల్‌ఏ ఉన్నంత మాత్రాన దీనికి పనికిరాదు. మీకు కావలసింది రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే యాంటీబాడీల పరీక్షలు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, అన్నిటికంటే ముందు మీ చేతులు పట్టుకుని చూసే రుమటాలజిస్ట్. నాలుగు నెలలు ఆగారు, ఐదో నెల ఆగొద్దు.

ప్రశ్న: అక్కకి రుమటాయిడ్. భయంతో నేనూ టెస్ట్ చేయించుకుంటే యాంటీ సీసీపీ బాగా ఎక్కువ వచ్చింది. నాకు ఒక్క నొప్పీ లేదు. (హైదరాబాద్)

జవాబు: నొప్పి లేనప్పుడు చేయించుకుని ఉండాల్సింది కాదు. చేయించుకున్నారు కాబట్టి ఇప్పుడు దాన్ని పట్టించుకుందాం. ఈ యాంటీబాడీలు జబ్బు కంటే ముందే రావొచ్చు. నెదర్లాండ్స్‌లో రక్తదాతలు ఇచ్చి ఉంచిన పాత రక్తాన్ని తీసి చూస్తే, తర్వాత జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ముందే ఇదో రుమటాయిడ్ ఫ్యాక్టరో ఉంది, అదీ సగటున నాలుగైదేళ్ల ముందు. పాజిటివ్ ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. ఈ దశలోనే ఆపొచ్చా అని అబటాసెప్ట్ అనే ఇంజెక్షన్‌తో చేసిన రెండు ట్రయల్స్ 2024లో వచ్చాయి, కీళ్ల నొప్పులు మొదలైనవాళ్లలో జబ్బు రావడం తగ్గింది, కొందరిలో వాయిదా పడింది. మీకు నొప్పే లేదు కాబట్టి ఇప్పుడు మందు వద్దు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు.

ప్రశ్న: 2006లో ఇంట్లో అందరికీ చికున్‌గున్యా వచ్చింది. ఆ తర్వాత మా నాన్నకి కీళ్లు వాస్తూనే ఉన్నాయి. ఇది పిల్లలకి వస్తుందా? (కడప)

జవాబు: చికున్‌గున్యా వంశంలో రాదు, దోమతో వస్తుంది. దాని తర్వాత కీళ్లవాపు నెలలు, కొందరిలో ఏళ్లు ఉండొచ్చు, అచ్చం రుమటాయిడ్‌లాగే కనిపించొచ్చు. కానీ ఇన్నేళ్లయినా వాస్తున్నాయంటే అప్పటి జ్వరం మీదకి తోసేయకూడదు, యాంటీ సీసీపీ, ఎక్స్‌రే చూడాలి.

ప్రశ్న: మా వంశంలో ఉంది కాబట్టి ముందు జాగ్రత్తగా వంకాయ, చింతపండు మానేయాలా? (గుడివాడ)

జవాబు: అక్కర్లేదు. గుత్తివంకాయ వండుకోండి.

ప్రశ్న: మాకు కవల ఆడపిల్లలు, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. 24 ఏళ్లు. ఏడాది కిందట పెద్దదానికి రుమటాయిడ్ అన్నారు. నెట్‌లో 60 శాతం జన్యువులదే అని ఉంది. చిన్నది అది చదివి, తనకీ ఎలాగూ వస్తుందని, అక్క వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌ని మాకు తెలియకుండా రోజు విడిచి రోజు వేసుకుంటోంది. (నెల్లూరు)

జవాబు: ఈ ఉత్తరం చదివిన రోజే వీళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. మెథోట్రెక్సేట్ రుమటాయిడ్‌కి వారానికి ఒక్కసారి వేసుకునే మందు. డాక్టర్ చెప్పి రాసిన పేషెంట్లు కూడా పొరపాటున రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, తెల్లకణాలు పడిపోయి ప్రాణం మీదకి తెచ్చుకున్న సందర్భాలున్నాయి. కడుపులో బిడ్డ ఉంటే బిడ్డకి హాని. జబ్బు లేని మనిషి, రక్తపరీక్ష లేకుండా, ఫోలిక్ యాసిడ్ లేకుండా వేసుకోవడమంటే ఇంక చెప్పేదేముంది. వెంటనే ఆపించి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తకణాలు, కాలేయం, కిడ్నీ చూపించమన్నాను.

ఆ 60 శాతం మాట చాలామందిని ఇలాగే తికమక పెడుతోంది. కవలల అధ్యయనాల్లోంచి 2000లో వచ్చిన అంకె అది. దాని అర్థం, జనంలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో ఉన్న తేడాని వివరించాలంటే సుమారు 60 శాతం జన్యువుల వైపు చూపించాలి అని. అక్కకి వస్తే చెల్లికి 60 శాతం వస్తుందని కాదు. ఆ అమ్మాయి చూడాల్సిన అంకె వేరే ఉంది. బ్రిటన్‌లో కవలల్ని వెతికి లెక్కపెట్టి 1993లో ప్రచురించారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి రుమటాయిడ్ ఉంటే రెండో వాళ్లకీ ఉన్నది నూటికి 15 జంటల్లోనే. వేర్వేరు అండాల కవలల్లో నూటికి నాలుగు కూడా లేవు. డీఎన్‌ఏ మొత్తం ఒకటే అయినా నూటికి 85 జంటల్లో రెండో మనిషి బాగానే ఉంది. తణుకు అమ్మాయీ, కరీంనగర్ తమ్ముడూ కూడా ఈ అంకె చూసుకోవాలి.

నాన్నగారు మళ్లీ రాశారు. చిన్నమ్మాయి అప్పటికి నాలుగు మాత్రలు వేసుకుందట, తెల్లకణాలు బాగానే ఉన్నాయట, నోట్లో రెండు పుండ్లు వచ్చి తగ్గాయట. మాత్రల డబ్బా ఇప్పుడు పెద్దమ్మాయి బీరువాలో, తాళం ఆమె దగ్గరే ఉందట.